చదివి వినిపించే లెక్క

ఫిబ్రవరి జీతపు చీటీ వచ్చిన రోజు మధ్యాహ్నం, భోజనాల దగ్గర మా ఆఫీసు మిత్రుడొకడు అన్నాడు: "వందలో ఇద్దరం ఆదాయపు పన్ను కడుతున్నాం, తొంభై ఎనిమిది మంది కూర్చుని తింటున్నారు." బల్ల చుట్టూ ఆరుగురం ఉన్నాం. ఎవరమూ కాదనలేదు. అతను పెరుగన్నం డబ్బాకు మూత పెట్టి లేచి వెళ్లిపోయాడు. మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

అతని కోపానికి కారణం ఉంది. ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో జీతంలో కోత పెరుగుతుంది. సరిగ్గా ఆ వారమే కూతురి బడికి వచ్చే ఏడాది ఫీజులో మొదటి వాయిదా కట్టాడు. వాళ్ల అపార్ట్‌మెంటులో బోరు ఎండిపోయి రోజుకు మూడు ట్యాంకర్ల నీళ్లు కొంటున్నారు. అంటే ప్రభుత్వానికి పన్ను ఒకసారి, ప్రభుత్వం చేయవలసిన పనికి బయట డబ్బు మరోసారి. నాదీ అదే బతుకు. అయినా ఆ మాట తప్పని నాకు అనిపించింది. ఎందుకు తప్పో అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. అందుకే ఈ నెల రోజులుగా లెక్కలు వేసుకుంటూ, పాత కాగితాలు తీసి చదువుకుంటూ ఉన్నాను.

తేలినది ముందే చెబుతాను. నాలాంటి జీతగాళ్లకు ఆదాయపు పన్ను రేటు అన్యాయంగా లేదు. అన్యాయం మరో రెండు చోట్ల ఉంది. ఒకటి, ఆదాయం బాగా పైకి వెళ్లిన తరువాత అది ఏ రూపంలో వచ్చిందన్న దాన్ని బట్టి రేటు సగానికి సగం పడిపోవడం. రెండోది, ఖర్చయిన సొమ్ముకు లెక్కను మన ముందు నిలబడి ఎవరూ చదివి వినిపించకపోవడం. ఈ రెండోదే నన్ను ఎక్కువ బాధపెడుతున్నది.

రేటు సంగతి

మా ఆఫీసులో అందరూ "ముప్పై శాతం పోతోంది" అంటారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే అన్నాను. కాగితం మీద వేసి చూస్తే ఆ మాట నిలవదు. ఏడాదికి 18 లక్షల జీతం ఉన్న నాలాంటి మనిషిని తీసుకుందాం. 2025-26లో, కొత్త పన్ను విధానంలో, జీతగాళ్లకు ఇచ్చే 75,000 ప్రామాణిక తగ్గింపు తీసేస్తే 17.25 లక్షలు మిగులుతుంది. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తరువాతి నాలుగు లక్షలకు 5 శాతం, ఆ పై నాలుగింటికి 10, ఆ పై నాలుగింటికి 15, మిగిలిన లక్షా పాతిక వేలకు 20. మొత్తం 1,45,000. దాని మీద 4 శాతం సెస్సు, అంటే పన్ను మీద పన్ను, 5,800. కలిపితే 1,50,800. అంటే జీతంలో వందకు ఎనిమిది రూపాయల నలభై పైసలు కూడా కాదు. ఇదే జీతానికి అంతకు ముందు ఏడాది 2,15,800 అయింది. 30 లక్షల జీతగాడికి లెక్క వేసినా వందకు పదహారు దాటదు. ముప్పై శాతం అన్నది 24 లక్షలు దాటిన తరువాత వచ్చే రూపాయికి మాత్రమే.

మా నాన్నగారు బ్యాంకులో గుమాస్తాగా చేరింది 1973లో. ఆ రోజుల్లో అత్యధిక ఆదాయపు శ్లాబు మీద, పన్నుకు అదనంగా వేసే సర్‌ఛార్జీతో కలిపి, 97.75 శాతం పన్ను ఉండేది. నూటికి రెండు రూపాయల పావలా చేతికి మిగిలే రేటును ఎవరు నిజాయితీగా కడతారు? ఆ రేటు నల్లధనాన్ని పెంచిందే తప్ప ఖజానాను నింపలేదు. కాబట్టి రేట్లు ఎంత ఎక్కువగా ఉంటే అంత న్యాయమని నేను అనుకోవడం లేదు. ఇప్పటి రేట్లు మధ్యస్థంగానే ఉన్నాయని మాత్రం ఒప్పుకోవలసి వచ్చింది.

ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి తప్పని తేలింది. జీతగాడిని పిండి, షేర్లవాడిని వదిలేస్తున్నారని నేను చాలామందితో వాదించాను. 18 లక్షలు మొత్తం షేర్ల దీర్ఘకాలిక లాభంగానే, అంటే ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మిన షేర్ల మీద లాభంగానే, వచ్చిన మనిషికి లెక్క వేశాను. 1.25 లక్షల మినహాయింపు, 4 లక్షల ప్రాథమిక పరిమితి తీసేయగా మిగిలిన 12.75 లక్షల మీద 12.5 శాతం, ఆపైన సెస్సు. 1,65,750 వచ్చింది. నాకంటే అతనే పదిహేను వేలు ఎక్కువ కడుతున్నాడు. రెండుసార్లు సరిచూసుకున్నాను.

అదే కోటి రూపాయల దగ్గర వేయండి. కోటి జీతం తీసుకునేవాడు సర్‌ఛార్జీ, సెస్సుతో కలిపి 29 లక్షలకు పైగా కడతాడు. కోటి రూపాయల షేర్ల లాభం వచ్చినవాడు పదమూడున్నర లక్షలు కడతాడు. కంపెనీ తన లాభం మీద ముందే పన్ను కట్టింది కదా, మళ్లీ వాటాదారు మీద అంత రేటు ఎందుకు అని వాదించేవాళ్లున్నారు. అందులో కొంత నిజం ఉంది. కానీ ఆ కంపెనీ రేటునూ 2019 సెప్టెంబరులో 30 నుంచి 22 శాతానికి దించారు. ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే అప్పుడు చెప్పింది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో వచ్చే ప్రతి రూపాయిలో వ్యక్తుల ఆదాయపు పన్ను 22 పైసలు, కంపెనీల పన్ను 17 పైసలు. కంపెనీలు ఎక్కువ, మనుషులు తక్కువ కట్టే క్రమం మా కళ్ల ముందే తలకిందులైంది. నాకు న్యాయంగా కనిపించనిది ఇదీ. మా మిత్రుడు వేలు చూపించవలసింది కింది తొంభై ఎనిమిది మంది వైపు కాదు.

పన్ను మినహాయింపు ఉన్న వ్యవసాయ ఆదాయం మాటేమిటని అడుగుతారు. రెండు మూడెకరాల రైతుకు ఆ మినహాయింపు లేకపోయినా పన్ను పడేంత ఆదాయం ఎప్పుడూ రాదు. మినహాయింపు ఉపయోగపడేది వేరే ఆదాయాన్ని వ్యవసాయం పద్దులో చూపించుకోగలిగిన వాళ్లకు. పెద్ద కమతాల మీద పన్ను వేయమని ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ కమిటీ 1972లోనే చెప్పింది. ఏ పార్టీ కూడా దాని జోలికి వెళ్లలేదు. ఇంతకంటే ఇందులో చెప్పవలసినది లేదు.

తినేవాళ్లెవరు

మిత్రుడి లెక్క తప్పు కాదు. 2022-23లో 7.40 కోట్ల మంది రిటర్నులు వేస్తే అందులో 5.16 కోట్ల మందికి కట్టవలసిన పన్ను సున్నా. మిగిలింది 2.24 కోట్లు. దేశ జనాభాలో వందకు ఇద్దరు కూడా పూర్తిగా రారు.

మా ఇంట్లో పనిచేసే ఆమె పేరు ఇక్కడ రాయను. నాలుగిళ్లలో పనిచేస్తుంది. నెల నెలా ఆమె ఫోనుకు నేనే రీచార్జి చేసి జీతంలో పట్టుకుంటాను. 299 రూపాయలు. ఆ రోజు సాయంత్రం మొదటిసారి దాన్ని విడదీసి చూశాను. 18 శాతం జీఎస్టీ పోగా అసలు ధర 253 రూపాయల చిల్లర. పన్ను 45 రూపాయల పైన. నేను వాడే ప్యాకేజీలోనూ అంతే శాతం. ఆమె కొడుకు కాలేజీకి వెళ్లే మోటారు సైకిల్‌లో పోసే పెట్రోలు మీద, ఆమె ఎన్నడూ చెప్పని, నేను ఎన్నడూ అడగని ఆమె భర్త తాగుడు మీద ఎంత పన్ను వెళ్తుందో లెక్క వేయడానికి నాకు మనసు రాలేదు. మన రెండు రాష్ట్రాల ఖజానాలకూ మద్యం ఎంత పెద్ద ఆధారమో అందరికీ తెలుసు. ఆ ఆధారం మోసేది ఎవరో కూడా తెలుసు.

ఆమె జీతంలో ముందే కోసుకునే పన్ను లేదు కాబట్టి ఆమె కట్టేది ఏ జీతపు చీటీలోనూ కనిపించదు. సబ్బులో, బిస్కెట్టు పొట్లంలో, బస్సు టికెట్టు వెనక ఉన్న డీజిల్‌లో ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, టూత్‌పేస్టు, బిస్కెట్ల మీద 18 శాతాన్ని 5కు తగ్గించారు. మంచి పని. అంటే జీఎస్టీ వచ్చినప్పటి నుంచి ఎనిమిదేళ్ల పాటు ఆమె సబ్బు బిళ్లకు 18 శాతం కట్టింది. అప్పుడు ఆమెను "పన్ను చెల్లింపుదారు" అని ఎవరూ పిలవలేదు. ప్రభుత్వం కృతజ్ఞతలు చెప్పే ప్రకటనల్లో ఆమె బొమ్మ ఎప్పుడూ రాలేదు.

కట్టేవాళ్లు, తినేవాళ్లు అని గీత గీస్తే తప్పు ఎక్కడ వస్తుందో నాకు ఇక్కడ అర్థమైంది. తింటున్నారని మనం అనుకునేవాళ్లను లెక్క అడగడం మొదలుపెడతాం. ఖర్చు పెట్టేవాళ్లను అడగడం మానేస్తాం.

ఇంకో సందేహం కూడా నన్ను కొంతసేపు ఆపింది. రోడ్డు మీద గుంత చూడగానే "మా ఇన్‌కమ్‌ టాక్స్ ఏమైంది" అంటాం. ఆదాయపు పన్ను వెళ్లేది కేంద్రానికి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఖర్చు రాసిన ప్రతి రూపాయిలో 22 పైసలు రాష్ట్రాల వాటాగా వచ్చింది, 20 పైసలు పాత అప్పుల వడ్డీకే పోయింది, 8 పైసలు సైన్యానికి. నా వీధి గుంతకు జవాబు చెప్పవలసింది నా ఇంటిపన్ను తీసుకునే పురపాలక సంఘం, రాష్ట్రం. కోపం నిజమైనదే కానీ చిరునామా తప్పు. ఆ తప్పు చిరునామాల వల్లే ఎవరికీ ఉత్తరం చేరడం లేదు.

సెస్సు మాట ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. నా 5,800 రూపాయల మీద "ఆరోగ్య, విద్యా సెస్సు" అని రాసి ఉంటుంది. సెస్సులో రాష్ట్రాలకు వాటా ఉండదు. సరే, బడికైనా చేరాలి కదా. మాధ్యమిక, ఉన్నత విద్య కోసమంటూ 2018 మార్చి వరకు వసూలు చేసిన సెస్సులో 94 వేల కోట్లకు పైగా దానికోసం ఉండవలసిన ప్రత్యేక నిధికి జమ కాలేదని, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ చెప్పింది. అన్నేళ్లూ అసలు ఆ నిధే పనిచేయలేదు. నేను రేటు గురించి కాక లెక్క గురించి కోప్పడడం మొదలుపెట్టింది ఈ వాక్యం చదివిన రోజు నుంచే.

పదకొండు వందల రూపాయలు

అనంతపురం జిల్లాలో మా అమ్మమ్మ గారి ఊరు. ఆ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. 2018 వేసవిలో అమ్మమ్మను చూడడానికి వెళ్లినప్పుడు ఊళ్లో సామాజిక తనిఖీ జరుగుతోంది. తనిఖీ అంటే పై అధికారి జీపులో వచ్చి వెళ్లడం అనుకున్నాను. అలా కాదు. పక్క మండలాల నుంచి వచ్చిన పది, ఇంటరు చదివిన పిల్లలు నాలుగైదు రోజులుగా ఊళ్లోనే ఉండి, ఇంటింటికీ వెళ్లి జాబ్ కార్డులు చూసి, మస్టరు (పనిదినాల హాజరు పట్టీ) కాగితాలతో సరిపోల్చి, చేనుల్లోకి వెళ్లి టేపుతో గుంతలు కొలిచి వచ్చారు. సాయంత్రం బడి అరుగు మీద గ్రామసభ. నేను కూడా వెళ్లి వేపచెట్టు కింద కూర్చున్నాను.

ఇరవై ఏళ్లుంటాయేమో, ఒక అమ్మాయి నిలబడి మస్టరు చదువుతోంది. పేరు, ఏ వారం, ఎన్ని రోజులు, ఎంత డబ్బు. పేరు, వారం, రోజులు, డబ్బు. గొంతు పెద్దది కాదు, మైకు లేదు, అందుకని అందరూ మెలకువగా వింటున్నారు. మధ్యలో ఒక ముసలామె లేచింది.

"ఆగమ్మా. మళ్లీ చదువు."

అమ్మాయి మళ్లీ చదివింది. ఆరు రోజులు, పదకొండు వందల చిల్లర.

"ఆ రెండు వారాలూ నేను ఊళ్లోనే లేను. కూతురి కాన్పుకు కదిరి వెళ్లాను. నా పేరు మీద ఆరు రోజులు మట్టి ఎత్తింది ఎవరు?"

ఊరి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు నేల వైపు చూస్తున్నాడు. కూలీల జట్టును నడిపే మేటు ఏదో చెప్పబోయాడు. పక్కనే ఉన్న ఇద్దరు ఆడవాళ్లు, "అవును, మనవడు పుట్టింది అప్పుడే" అన్నారు. అమ్మాయి కాగితం మీద ఆ పేరు ఎదురుగా రాసుకుని, ముసలామె చేత వేలిముద్ర వేయించుకుని, తరువాతి పేరు చదివింది. అంతే. అరుపులు లేవు. తరువాత మండల కేంద్రంలో జరిగిన బహిరంగ విచారణలో ఆ డబ్బు తిరిగి కట్టమని ఆదేశించారని అమ్మమ్మ ఫోనులో చెప్పింది. ఆ విచారణను ప్రజావేదిక అంటారు.

ఆ ముసలామెకు చదువు రాదు. రూపాయి ఆదాయపు పన్ను కట్టలేదు. తన పేరు మీద ప్రభుత్వం ఖర్చు రాసిన పదకొండు వందల రూపాయలకు లెక్క అడిగే చోటు ఆమెకు ఉంది. ఏడాదికి లక్షన్నర కట్టే నాకు లేదు. ఏ వీధిలోనూ, ఏ వార్డులోనూ ఎవరూ వచ్చి "మీ డబ్బు ఇలా ఖర్చయింది, అభ్యంతరం ఉంటే లేచి చెప్పండి" అని ఇప్పటిదాకా చదవలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ పనిలో దేశానికే దారి చూపించింది. ఉపాధి చట్టంలో 17వ సెక్షను గ్రామసభకు తనిఖీ హక్కు ఇస్తే, దాన్ని ఊరూరా క్రమం తప్పకుండా జరిగేలా చేసి, దానికోసం ఒక ప్రత్యేక సొసైటీని కూడా పెట్టిన తొలి రాష్ట్రం ఇది. మన పిల్లలు టేపు పట్టుకుని చేసిన పని చూసి మిగతా రాష్ట్రాలు నేర్చుకున్నాయి. ఇది మనం గట్టిగా చెప్పుకోవలసిన సంగతి. ఎందుకో మనం చెప్పుకోం.

పెద్ద సొమ్ము

నన్ను వదలని ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. రెండు లక్షల రూపాయల చెరువు పూడికతీతకు ఇంటింటి తనిఖీ ఉంది. లక్ష కోట్ల ప్రాజెక్టుకు ఏముంది?

2023 అక్టోబరు 21న తెలంగాణలో కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. ఆ తరువాత నాలుగు నెలలకు, 2024 ఫిబ్రవరిలో, కాళేశ్వరం మీద కాగ్ నివేదిక శాసనసభ ముందుకు వచ్చింది. మొత్తం వ్యయం 1,47,427 కోట్లు దాటవచ్చునని, పెట్టే ప్రతి రూపాయికి తిరిగి వచ్చే ప్రయోజనం 52 పైసలేనని అందులో ఉంది. ఆ 52 పైసల లెక్క పునాది వేసిన 2016లో ఊళ్లలో చదివి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. బహుశా అయినా కట్టేవాళ్లేమో. నీళ్ల కోసం తరతరాలుగా ఎదురుచూసిన జనం "కట్టండి" అనే అని ఉండవచ్చు. అప్పుడు కనీసం తెలిసి కట్టుకున్నట్టు అయ్యేది.

ఒక్క పార్టీ మీద రాళ్లు వేయడానికి ఇది రాయడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వం ఉండవల్లిలో ప్రజాధనంతో సమావేశ మందిరం కట్టింది. తరువాతి ప్రభుత్వం 2019 జూన్‌లో దాన్ని కూల్చింది. ఆ ప్రభుత్వమే రుషికొండ మీద వందల కోట్లతో భవనాలు కట్టింది. 2024లో ప్రభుత్వం మారాక గాని లోపల ఏముందో జనం చూడలేదు. కట్టేటప్పుడు అడగలేదు, కూల్చేటప్పుడూ అడగలేదు. ఉండవల్లిలో కూల్చేసిన ఆ మందిరం పేరు ప్రజావేదిక. ముసలామె పదకొండు వందల కోసం నిలబడింది కూడా ప్రజావేదికలోనే. ఆ రెండు వేదికలూ ఒకే పేరుతో ఉండడం నాకు చాలా రోజులు నిద్రపట్టనివ్వలేదు.

తెలంగాణ రైతుబంధును కూడా ఇదే దృష్టితో చూస్తాను. 2018 మేలో ఎకరానికి పంటకు నాలుగు వేలతో మొదలైంది. విత్తనాల అదనుకు చేతిలో డబ్బు పడడం ఎంత మేలో రైతు ఇంట్లో పెరిగినవాళ్లకు చెప్పనవసరం లేదు. నేను ఆ పథకాన్ని మెచ్చుకున్నాను. కానీ భూమికి పరిమితి పెట్టలేదు, కౌలుదారుకు ఇవ్వలేదు. నల్గొండ వైపు నాకు తెలిసిన ఒక కుటుంబం ఇరవై ఏళ్లుగా అమెరికాలో ఉంది. వాళ్ల పదకొండెకరాల డబ్బు వాళ్ల ఖాతాలో పడింది. ఆ భూమి దున్నే కౌలుదారు అదే అదనుకు వడ్డీకి తెచ్చుకున్నాడు. జాబితాను ఊళ్లో చదివి ఉంటే, ఆ కౌలుదారు లేచి ఏమనేవాడో ఊహించడం కష్టం కాదు.

నా మాటకు అడ్డు

ఈ ఆలోచనను ఇద్దరు ముగ్గురితో పంచుకుంటే వచ్చిన అభ్యంతరాలు తేలికైనవి కావు.

మొదటిది, సామాజిక తనిఖీ వల్ల అవినీతి ఆగిందా? ఆగలేదు. తనిఖీలో తేలిన డబ్బులో చాలా భాగం తిరిగి వసూలు కాలేదన్నది అందరూ ఒప్పుకునే నిజం. మా అమ్మమ్మ ఊళ్లో ఆ ఫీల్డ్ అసిస్టెంటు ఏడాది తిరగకుండా మళ్లీ పనిలోకి వచ్చాడు. తనిఖీకి వచ్చిన పిల్లలకు రాత్రిపూట బెదిరింపులు కూడా వచ్చాయని విన్నాను. ఈ సంగతి తెలిసినప్పుడు చాలా కుంగిపోయాను. అయితే మరుసటి ఏడు కూడా తనిఖీ జరిగింది. అమ్మమ్మ చెప్పినదాని ప్రకారం ఆ ఏడాది ఊళ్లో లేని మనిషి పేరు ఒక్కటీ మస్టరులో లేదు. పోయిన పదకొండు వందలు వచ్చాయో లేదో ఆమెకు గుర్తు లేదు.

రెండో అభ్యంతరం మా పక్కింటి మాస్టారిది. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు, మేమంతా మాస్టారనే పిలుస్తాం. "మట్టి గుంతను ఎవరైనా కొలుస్తారు. బ్యారేజీ పునాది లోతు సరైనదో కాదో జనం ఎలా చెబుతారండీ? ప్రతి కాగితానికీ పదిమంది లేచి అడిగితే సంతకం పెట్టే అధికారి ఉండడు" అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. సంతకాలకు భయపడి ఫైళ్లు కదలని ఆఫీసులు నేనూ చూశాను. పునాది లోతు నేను చెప్పలేను. ఖర్చు అంచనా ఎందుకు పెరిగిందో, ఎవరు పెంచారో, మొదటి టెండరులో ఎంత ఉందో అడగడానికి ఇంజనీరు చదువు అక్కరలేదు. మేఘాలయ 2017లో సామాజిక తనిఖీకే ఒక చట్టం చేసి, దాన్ని ఒక్క ఉపాధి పనులకు కాక మిగతా ప్రభుత్వ పథకాలకూ వర్తింపజేసింది. చట్టం ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా జరుగుతుందని నేను చెప్పను. మనం మొదలుపెట్టిన పనిని ఇంకొకరు ముందుకు తీసుకువెళ్తుంటే మన పట్టణాల్లో దాని పేరైనా వినపడకపోవడం మాత్రం నాకు మింగుడు పడడం లేదు. పెద్ద పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోకి 74వ సవరణ వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. మీ వార్డు కమిటీ ఎప్పుడు కూర్చుందో మీకు తెలుసా?

మూడోది, అన్నిటికంటే కష్టమైనది, నా భార్య అడిగింది. "చదివితే వినడానికి నువ్వు వెళ్తావా?" ఊళ్లో ఉపాధి పని ఊరందరి పని. ఇక్కడ మేము ప్రభుత్వ బడిలో పిల్లలను వేయలేదు, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లడం మానేశాం, కుళాయి నీళ్లు తాగడం లేదు. బాగుపడాలని పట్టుబట్టడానికి మేము అక్కడ లేనే లేము. ట్యాంకరుకు, బడికి, బీమాకు ఇంటింటా విడిగా కడుతున్నాం. ఆ సొమ్ము సంపాదించడానికి పట్టే సమయంలో పదో వంతు వార్డు ఆఫీసులో గడిపి ఉంటే ఏమయ్యేదో అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఆమె ప్రశ్నకు అప్పుడు జవాబు ఇవ్వలేదు.

నలభై ఒక్క పేజీలు

మా వీధి పొడవు 110 మీటర్లు. గత ఏడాది సిమెంటు రోడ్డు వేశారు. మూడు నెలలకు డ్రైనేజీ గొట్టం కోసం మధ్యలో అడ్డంగా కోశారు. కోసిన అంచు తెల్లగా, రంపంతో కోసిన చెక్కలా నున్నగా ఉంది. ఉదయం పాలకు వెళ్తూ మాస్టారు అక్కడ ఆగి, వంగి చూసి, ఇంటికి వెళ్లి టేపు తెచ్చారు. నన్ను పిలిచి ఒక కొన పట్టుకోమన్నారు. నాలుగు అంగుళాలు. ఇంకో చోట చూశాం. నాలుగే. మరో చోట నాలుగుకు ఒక నూలు తక్కువ.

పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. ముప్పై రోజులు గడిచాయి, జవాబు లేదు. మొదటి అప్పీలు వేశాక పేజీకి రెండు రూపాయల చొప్పున 41 పేజీలు ఇచ్చారు. అంచనా, ఒప్పందం, కొలతల పుస్తకం నకలు. కొలతల పుస్తకంలో మందం 150 మిల్లీమీటర్లు అని ఉంది. అంటే ఆరు అంగుళాలు. కింద మూడు సంతకాలు.

ఆ కాగితాలు రెండు నెలలు నా బల్ల సొరుగులో ఉన్నాయి. భోజనాల దగ్గర మిత్రుడి మాట, ఇంట్లో నా భార్య ప్రశ్న అయ్యాక వాటిని బయటకు తీశాను. ఒక ఆదివారం ఉదయం అపార్ట్‌మెంటు సెల్లారులో చదివి వినిపిస్తామని లిఫ్టు దగ్గర కాగితం అంటించాం. నలభై ఇళ్లున్నాయి. పదకొండు మంది వచ్చారు. నేను నిలబడి చదివాను. పని పేరు, పొడవు, వెడల్పు 4 మీటర్లు, మందం, కాంక్రీటు 66 ఘనపు మీటర్లు, రేటు, మొత్తం. మాస్టారు కోసిన అంచు కొలతలు చెప్పారు. ఒకాయన, "కొలిచిన చోట తక్కువ ఉండవచ్చు, మిగతా చోట ఆరు ఉందేమో, ఎలా చెప్పగలం?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. రోడ్డంతా తవ్వి చూడలేం కదా. అందరూ కాసేపు ఊరుకున్నారు.

మా వాచ్‌మన్ భార్య మెట్ల దగ్గర బిడ్డను ఒళ్లో పెట్టుకుని వింటోంది. ఆమెను మేము పిలవలేదు. అక్కడే ఉంటుంది కాబట్టి వింటోంది.

"సిమెంటు లారీలు ఎన్ని వచ్చినట్టు రాశారు సార్?" అంది.

కాగితంలో లారీల లెక్క లేదు. మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు. రెడీమిక్స్ లారీకి ఆరు ఘనపు మీటర్లు. అరవై ఆరును ఆరుతో భాగించారు.

"పదకొండు" అన్నారు.

"రాత్రంతా పోశారు కదండీ. చప్పుడుకు పాప నిద్రపోలేదు. గేటు దగ్గరే కూర్చున్నాను. నిండు లారీలు ఏడు. ఆఖరున వచ్చింది సగమే ఉంది, తొందరగా వెళ్లిపోయింది."

మాస్టారు నాలుగు అంగుళాల మందానికి ఎంత కాంక్రీటు పడుతుందో వేశారు. నలభై నాలుగు ఘనపు మీటర్ల పైన వచ్చింది. ఆరుతో భాగించారు. ఏడు పోయి, సగానికి కాస్త తక్కువ మిగిలింది. ఆయన ఆ కాగితాన్ని నాకు చూపించి, ఆమె వైపు తిరిగి, "అమ్మా, సోమవారం మాతో వార్డు ఆఫీసుకు రాగలవా?" అని అడిగారు.

పాపను ఎక్కడ పెట్టాలో చూసుకుని చెబుతానంది. నా భార్య తన దగ్గర ఉంచమంది.